చేయడం వచ్చు, చెప్పడం ఎలా?

(వృత్తి విద్యా పాఠశాలల టీచర్ అర్హత ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న పాఠకుల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. టూల్ రూమ్‌లో పనిచేసి, ఆపైన టర్నర్ ట్రేడ్ (లేత్ అనే మెషిన్ మీద లోహాన్ని తిప్పుతూ కోసి రూపమిచ్చే పని) నేర్పి, ఇంటర్వ్యూ ప్యానెళ్లలోనూ కూర్చున్న మేడమ్ వాటికి జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. చాలా ఏళ్లుగా లేత్ మీద పనిచేస్తున్నాను. డ్రాయింగ్ చేతిలో పెడితే చాలు, జాబ్, అంటే అందులోని వస్తువు, చేసి చూపిస్తాను. టీచర్ అర్హత రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. ఇప్పుడు ఇంటర్వ్యూ. అక్కడికక్కడ ఒక అంశం ఇచ్చి, సిద్ధం కావడానికి కాస్త టైమిచ్చి, ప్యానెల్ ముందు పది నిమిషాలు పాఠం చెప్పమంటారట. ఆ తర్వాత ప్రశ్నలు. మెషిన్ ముందు నాకు భయం లేదు. మనుషుల ముందు నిలబడితే నోరు పెగలదు. పది నిమిషాలు ఏం మాట్లాడాలి?
– ఒక టర్నర్

జవాబు: తమ్ముడూ, పది నిమిషాలు మాట్లాడమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. పది నిమిషాల్లో ఒక పని నేర్పమంటున్నారు. ఆ తేడా పట్టుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

చేయి తిరిగిన పనివాళ్లు మాట రాక దెబ్బతింటారని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువమంది దెబ్బతినేది తెలిసిందంతా చెప్పబోయి. ‘మైక్రోమీటర్’ (సన్నని కొలతలు తీసే పనిముట్టు) అని అంశం ఇస్తాం. అది ఎన్ని రకాలు, ఏ భాగం పేరేమిటి, ఫ్రేమ్ దేనితో చేస్తారు, పెట్టెలో ఎలా దాచాలి... ఇదంతా అయ్యేసరికి ఏడో నిమిషం దాటుతుంది. రీడింగ్ చదవడం ఇంకా మొదలే కాదు. ప్యానెల్‌లో ఒకరు గడియారం వైపు చూస్తారు, అభ్యర్థి కంగారుపడతాడు, మిగిలిన రెండు మూడు నిమిషాలూ పరుగే పరుగు.

అందుకని ముందు అంశాన్ని చిన్నది చేసుకోండి. ‘మైక్రోమీటర్’ ఇస్తే ‘0–25 మి.మీ. ఔట్‌సైడ్ మైక్రోమీటర్ మీద రీడింగ్ చదవడం’ అని బోర్డు మీద రాయండి. మిగతాది వేరే రోజు పాఠమని ఒక్క మాట చెబితే సరిపోతుంది. అంశాన్ని కుదించుకున్నందుకు ప్యానెల్ మార్కులు తగ్గించదు. పిరియడ్‌లో ఎంత పడుతుందో తెలిసినవాడని సంతోషిస్తుంది.

ఇక అసలు పాఠం. స్పిండిల్ (కొలిచేటప్పుడు ముందుకు జరిగే కడ్డీ) మర పిచ్, అంటే పక్కపక్క మరల మధ్య దూరం, అర మిల్లీమీటరు. థింబుల్ (చేత్తో తిప్పే గొట్టం) ఒక చుట్టు తిరిగితే స్పిండిల్ 0.5 మి.మీ. జరుగుతుంది. థింబుల్ చుట్టూ 50 గీతలున్నాయి కాబట్టి ఒక్కో గీత 0.01 మి.మీ. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఇప్పుడు బోర్డు మీద పెద్ద బొమ్మ వేయండి. స్లీవ్ (కదలని లోపలి గొట్టం) మీద 7 గీత కనిపిస్తోంది, దాని తర్వాత స్లీవ్ పొడవునా ఉన్న అడ్డగీతకు అవతలి వైపున్న అర మిల్లీమీటరు గీత కూడా థింబుల్ అంచు నుంచి బయటపడింది, థింబుల్ మీద 28వ గీత అడ్డగీతతో కలిసింది. ఎంత? 7.78. కొత్తగా చేరిన పిల్లల్ని అడిగి చూడండి, చాలామంది 7.28 అంటారు. ఆ అరగీత వాళ్ల కంటికి ఆనదు. పైనున్న అంకెలనే చూస్తారు, కింద అంకె లేని గీతను వదిలేస్తారు. అర మిల్లీమీటరు తేడాతో షాఫ్ట్ స్క్రాప్‌లోకి పోతుంది. మీ పాఠం మొత్తం ఆ ఒక్క గీత దగ్గర ఉంది. దాన్ని వేరే రంగుతో వేయండి.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఇది మీలాంటి పనివాడే చెప్పగలడు. థింబుల్ 48 దగ్గరున్నప్పుడు అరగీత ఇంకా పూర్తిగా రాకముందే అంచు దగ్గర తొంగిచూస్తుంది. అరగీతను మరవొద్దని మీరు ఇందాకే చెప్పారు కాబట్టి శ్రద్ధగల పిల్లవాడు దాన్ని కలిపేసి 7.98 అంటాడు. నిజానికి అది 7.48. థింబుల్ సున్నా దాటితేనే అరగీతను లెక్కలోకి తీసుకోవాలి. ఈ మాట ఒక్కటి మీ నోట వస్తే ప్యానెల్‌లో ట్రేడ్ తెలిసినాయన తలెత్తి చూస్తాడు. పుస్తకం చదివి వచ్చినవాళ్లకు ఇది తట్టదు.

ఏ వరుసలో చెప్పాలంటే, పాత నాలుగు మెట్ల పద్ధతి ఉండనే ఉంది: సిద్ధం చేయడం, చేసి చూపడం, చేయించడం, సరిచూడడం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఓడలు కట్టడానికి కొత్త పనివాళ్లను త్వరగా తయారుచేయాల్సి వచ్చినప్పుడు చార్లెస్ అలెన్ అనే ఆయన దీన్ని గట్టిగా వాడుకలోకి తెచ్చాడు. రెండో యుద్ధంలో ఫ్యాక్టరీలు మళ్లీ దాన్నే పట్టుకున్నాయి. వర్క్‌షాప్‌కు ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. పది నిమిషాల్లో మొదటి మెట్టు ఒక నిమిషానికి మించకూడదు. ‘నిన్న వెర్నియర్ (జారే కొలత స్కేలు)తో 0.02 మి.మీ. వరకు చదివాం, ఈరోజు డ్రాయింగ్‌లో 0.01 అడిగారు, ఏం చేద్దాం?’ అంటే చాలు. అభ్యర్థులు ఎక్కువగా ఎగరగొట్టేది మూడో మెట్టు. ‘ఇక్కడ విద్యార్థులు లేరు కదా మేడమ్’ అంటారు. ప్యానెల్ ఉంది కదా! వాళ్లనే పిల్లలనుకోండి. ఒకరి దగ్గరికి వెళ్లి చదవమనండి.

వాళ్లలో ఒకరు కావాలనే తప్పు చెబుతారు, ముందే చెబుతున్నాను. నేనూ చెప్పేదాన్ని, 7.28 అని అమాయకంగా. అప్పుడు అభ్యర్థి మొహం చూడాలి. కొందరు మర్యాదకు పోయి ‘కరెక్ట్ మేడమ్’ అనేస్తారు. కొందరు ‘కాదండీ, 7.78’ అని జవాబు తామే చెప్పేస్తారు. రెండూ పనికిరావు. ‘మీరు ఏ గీతలు చూసి చెప్పారు? వేలుపెట్టి చూపించండి’ అని అడిగినవాడికి నేను కళ్లు మూసుకుని మార్కులు వేసేదాన్ని. తప్పు ఎక్కడ పుట్టిందో వెతికేవాడే మాస్టారు.

నోరు పెగలడం గురించి. అద్దం ముందు ప్రాక్టీస్ చేయమని చెప్పను, అద్దానికి అన్నీ అర్థమవుతాయి. లేత్ అంటే ఏమిటో తెలియని మనిషిని ఎవరినైనా కూర్చోబెట్టండి. మైక్రోమీటర్ వాళ్ల చేతిలో పెట్టి మీ చేతులు వెనక్కి కట్టుకోండి. మాటలతోనే వాళ్ల చేత రీడింగ్ చదివించాలి. ఫోన్‌లో రికార్డ్ చేసి తర్వాత వినండి. ‘ఇలా పట్టుకుని... అలా తిప్పి... అదిగో అక్కడ’ అనే మాటలు ఎన్నిసార్లు దొర్లాయో వినగానే సిగ్గేస్తుంది. ‘ఇలా’ అన్న చోటల్లా ఏ చేయి, ఏ వేలు, ఏ వైపు, ఎంతసేపు అని పెట్టి మళ్లీ చెప్పండి. ‘కుడిచేత్తో ర్యాచెట్ (థింబుల్ చివరనున్న చిన్న పిడి) తిప్పండి, క్లిక్ మని రెండు మూడుసార్లు వినపడగానే ఆపండి, థింబుల్‌ను బిగించొద్దు.’ మీ చేతికి అలవాటైపోయి మీరు గమనించడం మానేసిన సంగతులు అప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తాయి. కొలిచే ముందు ఆన్విల్ (స్పిండిల్‌కు ఎదురుగా కదలకుండా ఉండే దిమ్మ), స్పిండిల్ ముఖాలు తుడిచి, మూసి, సున్నా చూసుకుంటారే, అది చెప్పారా? చేతులు చేస్తాయి కాబట్టి నోరు మరిచిపోతుంది.

అంశం మెషిన్ మీద పని అయితే, ఉదాహరణకు ఫేసింగ్ (కడ్డీ చివరి ముఖాన్ని చదును చేయడం) అయితే, జాగ్రత్తల జాబితాను చివర్లో అప్పజెప్పకండి. ఏ అడుగులో ఏ ప్రమాదమో ఆ అడుగులోనే చెప్పాలి. జాబ్ బిగించిన వెంటనే, స్విచ్ మాట ఎత్తకముందే, చక్ కీ (జాబ్‌ను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళం) తీసి పక్కన పెట్టించండి. దాన్ని చక్‌లో వదిలి మెషిన్ ఆన్ చేస్తే ఎగిరి ఎవరి మీద పడుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుని లేత్ దగ్గరికి రానివ్వనని ఎందుకంటారో, చిప్స్‌ను (కోతలో వచ్చే లోహపు తురుమును) చేత్తో కాక హుక్‌తో ఎందుకు లాగాలో కారణంతో సహా చెప్పగలగాలి.

లెక్క ఒకటి తప్పకుండా అడుగుతారు. 40 మి.మీ. వ్యాసం మైల్డ్ స్టీల్ కడ్డీ, కటింగ్ స్పీడ్ నిమిషానికి 30 మీటర్లు అనుకుంటే ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఎంత? 30ని 1000తో గుణించి, 3.14 × 40తో భాగిస్తే దాదాపు 239. ఇక్కడ ఆగిపోకండి. గేర్లు మార్చే మామూలు లేత్ మీద 239 అనే స్పీడే ఉండదు, దానికి దగ్గర్లో ఉన్న తక్కువ స్పీడ్ పెడతామని చెప్పండి. పైది ఎందుకు పెట్టకూడదంటే టూల్ మొన వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. లెక్క వచ్చినవాళ్లు చాలామంది వస్తారు. లెక్క నుంచి స్పీడ్ మార్చే లివర్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

ప్రశ్న: నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను మేడమ్. మార్కులు బాగానే ఉన్నాయి. సైట్ మీద పనిచేసిన అనుభవం మాత్రం లేదు. ‘చేతిపని వచ్చా?’ అని అడిగితే ఏం చెప్పాలి? స్నేహితురాలు కొంచెం పెంచి చెప్పమంటోంది.

జవాబు: వద్దమ్మా. అనుభవం పెంచి చెప్పినవాళ్లను పట్టుకోవడానికి ఒక్క చిన్న ప్రశ్న చాలు. ‘ఈ లైన్‌లో సప్లై లేదని ఎలా నిర్ధారించుకుంటావు?’ అంటారు. చదివిన అమ్మాయి ‘టెస్టర్ పెట్టి చూస్తాను’ అంటుంది. పనిచేసిన అమ్మాయి ముందు సప్లై ఉందని తెలిసిన చోట టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకుంటుంది, తర్వాత పనిచేయాల్సిన లైన్ మీద పెడుతుంది, మళ్లీ సప్లై ఉన్న చోట పెట్టి చూస్తుంది. మధ్యలో టెస్టరే చెడిపోయి ఉంటే? ఆ అనుమానం పుస్తకంలో చదివితే ఒక వాక్యం, చేతికి ఎక్కితే అలవాటు.

సైట్ అనుభవం లేదని నిజం చెప్పి, దాని వెనకాలే చేసిన పని చూపించండి. ఇంటర్వ్యూకు ఇంకా వారాలుంటే నాలుగైదు జాబ్‌లు ఎంచుకుని, పని తెలిసినవాళ్ల పక్కన నిలబడి మీ చేతులతో చేయండి. మెట్ల దగ్గర పైనుంచీ కిందనుంచీ వేసి ఆర్పే టూ వే స్విచ్ కనెక్షన్ అందులో ఒకటి ఉండాలి, అది ప్యానెల్‌కు ఇష్టమైన అంశం. ఒక్కో జాబ్‌కు ఒక పేజీ: సర్క్యూట్ బొమ్మ, ఫొటో, మొదటిసారి ఎక్కడ తప్పు జరిగింది, ఎలా కనిపెట్టారు. ఇన్సులేషన్ తీసేటప్పుడు రాగి మీద గాటు పడి, స్క్రూ కింద బిగించగానే తీగ పుటుక్కున తెగిపోయిందనుకోండి. ఆ తెగిన ముక్కను పారేయకండి, ఫైల్‌లో అంటించండి. రేపు మీ విద్యార్థి సరిగ్గా అదే చేస్తాడు. మీరు మొన్ననే నేర్చుకున్నారు కాబట్టి కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారో మీకు ఇంకా గుర్తుంది. పైన ఉత్తరం రాసిన టర్నర్ తమ్ముడు అది మరిచిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు కష్టపడి గుర్తుచేసుకోవాలి.

ప్రశ్న: బోధనా సిద్ధాంతాల్లోంచి కూడా అడుగుతారట. బ్లూమ్, సూక్ష్మబోధన... పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టాలా?

జవాబు: కొన్ని తెలిసి ఉండాలి, అవి మీ వర్క్‌షాప్‌కు ఎక్కడ తగులుతాయో కూడా తెలియాలి. సూక్ష్మబోధన 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్ బృందం మొదలుపెట్టింది: కొద్దిమంది విద్యార్థులు, కొన్ని నిమిషాల పాఠం, ఒకే నైపుణ్యం, లోపాలు విని మళ్లీ చెప్పడం. మీరు ఇంటర్వ్యూలో ఇవ్వబోయే డెమో దానికి తమ్ముడి వరస. (నాలుగు మెట్ల అలెన్, ఈ అలెన్ ఒకరు కాదు. కలిపేసి చెప్పినవాళ్లున్నారు.)

బ్లూమ్ దగ్గర ఒక తమాషా ఉంది. ఆయనా, ఆయన బృందమూ బోధనా లక్ష్యాలను జ్ఞానాత్మక (ఆలోచన), భావావేశ (మనోభావాలు), మానసిక చలనాత్మక (చేతిపని) రంగాలని మూడుగా విడదీశారు. 1956లో వచ్చిన వర్గీకరణ జ్ఞానాత్మక రంగానిదే. భావావేశ రంగానిది 1964లో వచ్చింది. చేతిపనికి సంబంధించిన మూడోదాన్ని వాళ్లు వదిలేశారు, ఆ తర్వాత వేరేవాళ్లు పూరించారు. మన ట్రేడ్‌లకు ప్రాణమైన రంగం అదే! 1970లో దవే అనే విద్యావేత్త ఇచ్చిన వరుసను నేను వాడతాను: చూసి అనుకరించడం, చెప్పింది విని సొంతంగా చేయడం, కచ్చితంగా చేయడం, రెండు మూడు నైపుణ్యాలను కలిపి చేయడం, చివరికి ఆలోచించకుండానే చేయి చేసుకుపోవడం. ప్యానెల్ అడిగితే మీ ట్రేడ్‌లోని ఒకే పనిని ఈ అయిదు మెట్ల మీద పెట్టి చెప్పండి. ‘హాక్సా పట్టుకోవడం’ నుంచి ‘గీత మీద కోత’ దాకా చెప్పగలిగితే సంవత్సరం తప్పినా ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న: నాది వెల్డింగ్ ట్రేడ్. ‘విద్యార్థి మాట వినకపోతే ఏం చేస్తారు’ లాంటి సందర్భ ప్రశ్నలకు నా జవాబులు ఉపన్యాసంలా ఉంటున్నాయని మా ఆవిడ అంటోంది.

జవాబు: మీ ఆవిడ చెప్పింది నిజమే అయి ఉంటుంది. ‘ప్రేమతో నచ్చజెప్పి, మంచి మార్గంలో పెడతాను’ అన్న జవాబు ప్యానెల్ ప్రతి అభ్యర్థి దగ్గరా వింటుంది. వాళ్లకు కావలసింది ముందేం చేస్తారు, తర్వాతేం చేస్తారు అన్న వరుస.

మీ ట్రేడ్‌లోంచే తీసుకుందాం. ఒక కుర్రాడు ‘ట్యాక్ (ముక్కలు కదలకుండా పెట్టే చిన్న అతుకు) ఒక్కటే కదా సార్’ అని హెల్మెట్ దించకుండా ఆర్క్ కొట్టాడు. మొదట పని ఆపించాలి. పక్కన షీల్డ్ లేకుండా చూస్తున్నవాళ్లు ఎవరో గమనించాలి. తర్వాత వాడి కళ్ల సంగతి. ‘నాకేం కాలేదు’ అంటాడు, ఆ క్షణంలో నిజంగానే ఏమీ తెలియదు. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాల దెబ్బ కొన్ని గంటలు గడిచాక బయటపడుతుంది, కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, వెలుతురు చూడలేకపోవడం. అందుకని రాత్రికి అలా అయితే కళ్లు నలపొద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించాలని వాడికీ, ఇంట్లోవాళ్లకూ చెప్పి పంపాలి. రిజిస్టర్‌లో రాయాలి. మందలింపు ఆ తర్వాత, అదీ నలుగురిలో కాదు. మర్నాడు క్లాసంతటికీ హెల్మెట్ పాఠం మళ్లీ. ఇలా చెబితే ఉపన్యాసం అవదు, ఎందుకంటే ప్రతి వాక్యంలోనూ మీరు ఏదో ఒకటి చేస్తున్నారు.

‘ఇష్టం లేకుండా చేరిన విద్యార్థి’ అన్నది ఇంకో పాత ప్రశ్న. నా సలహా ఒకటే: ఒక్క పూటలో పూర్తయ్యి, వాడు చేత్తో పట్టుకుని చూసుకోగలిగే జాబ్ ఇవ్వండి. వారాల తరబడి ఫైలింగ్ (ఆకురాయితో లోహాన్ని రాయడం) చేయిస్తే ఇష్టపడి వచ్చినవాడు కూడా పారిపోతాడు. దీని మీద ప్యానెల్‌లో అందరూ ఒప్పుకోరు. పాతకాలం మాస్టార్లు ఫైలింగ్‌ను తపస్సులా చూస్తారు. వాదించకుండా మీ కారణం చెప్పి ఆగండి.

ప్రశ్న: తెలియని ప్రశ్న వస్తే?

జవాబు: తెలియదని చెప్పండి, ఎక్కడ చూసి తెలుసుకుంటారో కూడా చెప్పండి: మెషిన్ మాన్యువలా, కొలతల టేబులా, ఫలానా ట్రేడ్ మాస్టారా. వర్క్‌షాప్‌లో తెలియకపోయినా తెలిసినట్టు నటించే మాస్టారు ప్రమాదకరం. ప్యానెల్‌కు ఆ సంగతి బాగా తెలుసు.

ప్రశ్న: ఇంటర్వ్యూకు ఏమేం తీసుకెళ్లాలి మేడమ్? పరిచయం ఇంగ్లిష్‌లో బట్టీ పట్టాలా?

జవాబు: పరిచయం బట్టీ పట్టిన సంగతి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. పేరు, ట్రేడ్, చేసిన పనుల్లో మీకు బాగా నచ్చిన ఒకటి, అంతే. బోధన ఏ భాషలో ఉంటుందో ఆ భాషలో చెప్పండి. పనిముట్ల పేర్లు మాత్రం షాపులో అందరూ అనేవే అనండి, అనువదించొద్దు.

సర్టిఫికెట్లు ఒరిజినల్స్, కాపీలు వాళ్లడిగిన వరుసలో పెట్టుకోండి. నేనైతే మీరు చేసిన జాబ్ ఒకటి, అరచేతిలో పట్టేది, దాని డ్రాయింగ్‌తో సహా తెమ్మంటాను. తెస్తే దాని మీద ప్రతి కొలతా, టాలరెన్సూ (ఒప్పుకునే తేడా) మీకు తెలిసి ఉండాలి, ప్యానెల్‌లో ఎవరో ఒకరు వెర్నియర్ తీసి కొలుస్తారు. లోపలికి రానివ్వకపోతే బాధపడకండి, బయట పెట్టేయండి. పాఠం ప్రణాళిక ఒక్క పేజీకి మించకూడదు, అది మీ కోసం. చూసి చదవడం మొదలుపెడితే పేజీ వెనక మీ మొహం కనిపించదు. ఇంకా, రెండు రంగుల మార్కర్లు, ఒక గుడ్డ మీవే పట్టుకెళ్లండి. అక్కడి మార్కర్లు ఎండిపోయి ఉండటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.